వ్యానులో కాపురం, స్నానం సంగతి

పోయిన సంచికలో సంతల్లో సామాన్లు అమ్ముకున్న రోజుల గురించి కొంచెం రాశాను. మా ఆయనా నేనూ పాలకొల్లు నుంచి స్టీలు, ప్లాస్టిక్ సామాను వ్యానులో వేసుకుని ఊళ్లు తిరిగేవాళ్లం. రాత్రి ఎక్కడ ఆగితే అక్కడ ఆ వ్యానులోనే పడక. వ్యాపారం ఎలా చేశారని అడుగుతారేమో అనుకున్నాను. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం స్నానం ఎలా చేశారనే అడిగాయి. సరే, ఈసారి జవాబులన్నీ దాని మీదే. మొహమాటపడే సంగతులు ఉన్నాయి కాబట్టి ఎవరి పేర్లూ వేయడం లేదు.

ప్రశ్న: పిన్నిగారూ, మాది రాజోలు దగ్గర పల్లె. మా ఆయన రెడీమేడ్ బట్టలు మినీ వ్యానులో వేసుకుని సంతలకీ తీర్థాలకీ తిరుగుతారు. ఈ ఏడు కార్తీకం నుంచి నన్ను కూడా రమ్మంటున్నారు. వెనకాల పడుకోవడానికి చెక్క బల్ల కూడా కొట్టించారు. తిండికి నాకు బెంగ లేదు, స్నానం గురించే టెన్షన్. ఇంట్లో రోజూ తలుపేసుకుని రెండు బకెట్లు పోసుకునేదాన్ని. రోడ్డు మీద ఎక్కడ పోసుకోను? ఎన్ని నీళ్లు పట్టుకెళ్లాలి? నెలసరి రోజుల్లో ఏం చేయాలి?

జవాబు: అమ్మాయ్, రెండు బకెట్లంటే 30, 40 లీటర్లు. అందులో ఒళ్లు శుభ్రపడటానికి కావలసింది ఐదు లీటర్లే, మిగతాదంతా హాయి కోసం. హాయి వద్దని నేననను గానీ వ్యానులో దానికి చోటుండదు. 20 లీటర్ల వాటర్ టిన్నులు మూడు పెట్టుకోండి. ఒకటి తాగడానికీ వంటకీ. ఎంత అవసరమొచ్చినా దాన్ని స్నానానికి తీయొద్దు. రెండోది ఇద్దరి స్నానాలకి. మూడోది గిన్నెలకీ, కాళ్లూ చేతులకీ. మూడూ నిండితే 60 కిలోలు. వెనక తలుపు దగ్గర వదిలేస్తే బ్రేకు వేసినప్పుడల్లా దొర్లుతాయి. ముందు సీటుకి ఆనించి తాడుతో కట్టండి.

మగ్గుతో గుమ్మరించుకుంటే ఐదు లీటర్లు ఎటు పోయాయో కూడా తెలియదు. ముందు అర లీటరుతో తువ్వాలు తడిపి ఒళ్లంతా గట్టిగా తుడుచుకో. దుమ్మూ చెమటా సగం దాంతోనే పోతాయి. తరవాత సబ్బు. చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, మెడ, కాలివేళ్ల సందులు, ఈ చోట్లకి రోజూ కావాలి. చేతులకీ వీపుకీ రోజూ రుద్దకపోయినా ఏమీ కాదు. తరవాత సన్న మూతి చెంబుతో భుజాల మీద నుంచి నెమ్మదిగా వదులుకుంటూ రా. ఇంకా సుఖంగా ఉండాలంటే మొక్కలకి కొట్టుకునే ఐదు లీటర్ల చేతి స్ప్రేయరు కొనుక్కోండి. గాలి కొట్టి మీట నొక్కితే సన్నగా జల్లులా వస్తుంది. కడియం నర్సరీల వైపు వెళ్తే ఎరువుల కొట్లో అడగండి. కొత్తది మాత్రమే సుమా. ఇంట్లో ఉంది కదా అని పొలంలో పురుగుమందు కొట్టినదాన్ని కడిగి తెచ్చుకోవద్దు. ఆ మందు రబ్బరు గొట్టాల్లో, వాషర్లలో ఉండిపోతుంది, ఎన్నిసార్లు కడిగినా పూర్తిగా పోదు.

చాటు సంగతి. మేం అమ్మే టబ్బుల్లో పెద్దది ఒకటి మా కోసం తీసి పెట్టుకున్నాం. వ్యాను వెనక తలుపులు రెండూ బార్లా తీసి, వాటి మీద బరకం కప్పి కట్టేవాళ్లం, మధ్యలో టబ్బు. నిలబడితే తల కనపడుతుంది కాబట్టి నేను పీట వేసుకుని కూర్చునే చేసేదాన్ని. తెల్లవారుజామున నాలుగున్నర, ఐదు గంటలకి అయిపోవాలి. రాత్రి స్నానం వద్దు. లోపల లైటు వేస్తే బరకం మీద నీడ పడుతుంది. ఇది చాలామంది ఆడవాళ్లకి తోచని సంగతి.

రోజూ ఇలాగే చేయాలనీ లేదు. మన వైపు పల్లెల్లో చాలా ఇళ్లకి దొడ్లో స్నానాలగది విడిగా ఉంటుంది. సంతలో బేరం చేసిన ఆవిడనే అడుగు: "అక్కా, ఒక బకెట్టు నీళ్లు పోసుకుని వస్తాను." ఆడమనిషి అడిగితే కాదన్నవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. మా ఆయన అడిగితే మాత్రం ఎగాదిగా చూసేవారు. ఊరికే వాడుకోకూడదు కాబట్టి నేను వెళ్లేటప్పుడు ఒక మగ్గో, జల్లెడో పట్టుకెళ్లేదాన్ని. నువ్వు ఒక చేతిరుమాలు ఇవ్వు. ఆ గది కడిగి రా. మళ్లీ వారం అదే సంతకి వెళ్తావు కదా, ఆ ఇల్లు నీకు కావాలి.

పెట్రోలు బంకుల్లో మరుగుదొడ్డి, తాగే నీళ్లు, టైర్లకి గాలి ఉచితంగా ఇవ్వాలన్న నియమం ఉంది. అది స్నానానికి వర్తించదు. హైవే మీద దాబాల దగ్గర లారీవాళ్ల కోసం నీళ్ల తొట్లు ఉంటాయి, అవి మగవాళ్లకే పనికొస్తాయి. బస్టాండు పక్కన సులభ్ కాంప్లెక్స్ ఉంటే డబ్బు తీసుకుని స్నానానికి ఇస్తారు, గడియ సరిగా పడుతుందో లేదో చూసుకుని లోపలికి వెళ్లు. వారానికోసారి రావులపాలెంలోనో అమలాపురంలోనో పూటకి లాడ్జి గది తీసుకోండి. తలంటు, బట్టలుతుకు, ఫోన్ల ఛార్జింగు అన్నీ ఆ పూటలో అయిపోతాయి. దండగ అనుకోవద్దు, సరుకు కొన్న డబ్బు ఎలాగో ఇదీ అలాగే.

తీర్థాల దగ్గర మాత్రం అక్కడ దొరుకుతాయిలే అని నమ్ముకోవద్దు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్తారనుకో, ఆ జనంలో చెంబుడు నీళ్లు పట్టుకోవడం కూడా కష్టమే. ముందు ఊళ్లోనే టిన్నులు నింపుకుని వెళ్లండి. మాఘమాసంలో అంతర్వేది కల్యాణానికి వెళ్తే ఇంకో చిక్కు. గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు కదా, అటువైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, సబ్బు నురగ రాదు. తెల్లగా జిడ్డులా ఒంటికి అంటుకుని దురద పెడుతుంది. అలాంటి చోట సబ్బు పక్కన పెట్టి కొంచెం షాంపూ గానీ కుంకుడురసం గానీ వాడు, ఆ నీళ్లలో కూడా నురగ వస్తుంది. ఆఖరి రెండు చెంబులూ టిన్నులో మంచినీళ్లు పోసుకో.

నెలసరికి రోజుకి ఇంకో రెండు లీటర్లు వేసుకో. పైపైన నీళ్లతో కడుక్కుంటే చాలు, లోపల సబ్బులూ వాసన ద్రావకాలూ వద్దు. వాడిన ప్యాడ్ కాగితంలో చుట్టి, బిగుతు మూత ఉన్న డబ్బాలో వేసి, పట్నంలో చెత్తబండికి ఇవ్వు. కాలువలోనో గుడి వెనకో పడేస్తే నీ తరవాత వచ్చే ఆడవాళ్లందరినీ ఆ ఊరు అసహ్యించుకుంటుంది. ప్యాడ్ బదులు లోపల పెట్టుకునే నెలసరి కప్పు అలవాటైతే మరీ మంచిది. 12 గంటలు దాటకుండా తీసి, తాగే నీళ్లతో కడిగి మళ్లీ పెట్టుకోవచ్చు. నెలసరి మొదట్లో ఒకసారి, అయ్యాక ఒకసారి మరిగే నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి తీయాలి. దానికో చిన్న గిన్నె విడిగా పెట్టుకో.

ఇంకో మాట, ఇది గట్టిగానే చెప్తున్నాను. మరుగుదొడ్డి దొరకదని నీళ్లు తాగడం మానేయకు. సంతల్లో తిరిగే ఆడవాళ్లలో మూత్రంలో మంట, జ్వరం ఎక్కువగా అందుకే. రాత్రికి వ్యానులోనే మూత ఉన్న బకెట్టు పెట్టుకో. మీ ఆయన దగ్గర సిగ్గెందుకు?

నీళ్ల గురించి ఇంత చెప్పాను గానీ, మన డెల్టాలో నీళ్లు ఎలాగోలా దొరుకుతాయి. ఆరడమే దొరకదు. చుట్టూ కాలువలు, చెరువులు, వరిచేలు, పక్కన సముద్రం. గాలిలోనే తడి. స్నానం చేసి, తడి తువ్వాలు వ్యానులో తగిలించి, తలుపులేసుకుని పడుకుంటే తెల్లారేసరికి తువ్వాలుకి ముక్కవాసన, ఒంటికి దురద. టర్కీ తువ్వాళ్లు ఇంట్లో వదిలెయ్. పల్చని నూలు తువ్వాళ్లు నాలుగు పెట్టుకో, గంటలో ఆరతాయి. ఒళ్లు తుడుచుకున్నాక వెంటనే బట్ట కట్టకు, ఆ బరకం చాటునే ఒక ఐదు నిమిషాలు విసనకర్రతో విసురుకో. లంగా బొందు బిగించే చోట చెమటకి ఒరుసుకుపోయి నల్లగా మచ్చ పడుతుంది, అది ముదిరితే పుండవుతుంది. బొందు తీసేసి వెడల్పు నడుంపట్టీ కుట్టించుకో. లేదంటే రోడ్డు మీద ఉన్నన్నాళ్లు పంజాబీ డ్రెస్సులే హాయి.

ప్రశ్న: నేను భీమవరం దగ్గర చెరువుల నుంచి రొయ్యలు తోలే వ్యాను డ్రైవర్ని. సీజన్లో ఇంటికి వెళ్లేది తక్కువ, క్యాబిన్లోనే నిద్ర. గజ్జల్లో గుండ్రంగా ఎర్రగా లేచి ఒకటే దురద. మందుల షాపులో ట్యూబు ఇచ్చారు, రాస్తే తగ్గుతుంది, మానేస్తే ఇంకా పెద్దదవుతుంది. రోజూ రెండుపూటలా స్నానం చేస్తున్నాను. చేతులకి నీచు వాసన కూడా పోవడం లేదు.

జవాబు: బాబూ, నువ్వు చెప్పిన గుర్తుల్ని బట్టి అది తామరలా ఉంది, అంటే చర్మానికి పట్టే ఒకరకం బూజు. స్నానం తక్కువై వచ్చింది కాదు. స్నానం తరవాత ఆరకుండా జీన్సు ప్యాంటు తొడుక్కోవడం వల్ల, రొయ్యల ఐసు కరిగిన నీళ్లు నడుం మీద కారడం వల్ల ముదురుతుంది. ఆ ట్యూబు తీసి దాని మీద పేర్లు చదువు. బీటామెథాసోన్, క్లోబెటాసోల్ లాంటి పేర్లుంటే అది స్టెరాయిడు కలిసిన మందు. దురద రెండు రోజుల్లో చల్లారుతుంది, బూజు మాత్రం కింద పాకుతూనే ఉంటుంది. ఆపగానే రెట్టింపవుతుంది. చర్మం డాక్టరుకి చూపించు, ఆ ట్యూబు కూడా పట్టుకెళ్లి చూపించు. బూజు చంపే మందు ఇస్తే మచ్చ అంచు దాటి రెండు సెంటీమీటర్ల వరకూ రాయాలి. మచ్చ కనపడకుండా పోయాక కూడా డాక్టరు చెప్పినన్నాళ్లు ఆపకూడదు. చాలామంది ఇక్కడే ఆపేసి మళ్లీ తెచ్చుకుంటారు.

ఒకవేళ దురద వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, రాత్రిళ్లు ఎక్కువగా ఉంటే అది గజ్జి కావచ్చు. దానికి మందు వేరు, నీతో పడుకునే క్లీనరు కుర్రాడికీ ఇంట్లోవాళ్లకీ అదే రోజు కలిపి రాయాలి.

జీన్సు మానేసి వదులు నూలు ప్యాంటు వేసుకో. రాత్రికి లుంగీ. లోపలి బట్టలు ఏ రోజువి ఆ రోజు ఉతికి, తిరగేసి, ఎండలో వెయ్యి. తువ్వాలు ఎవరితోనూ పంచుకోకు. వానాకాలంలో ఎండ ఎక్కడిది అంటావా, ఇంజను ఆపాక బానెట్ మీద పరుచు, ఆ వేడికి ఆరిపోతాయి. బండి కదిలే ముందు తీయడం మర్చిపోకు.

బట్టలుతకడానికి ఒక చిట్కా. మూత గట్టిగా పడే బకెట్టులో బట్టలు, సర్ఫు, సగం నీళ్లు పోసి క్యాబిన్లో కదలకుండా కట్టు. మన రోడ్ల కుదుపులకి భీమవరం నుంచి నరసాపురం చేరేలోగా అవే ఉతుక్కుంటాయి. జాడించుకోవడమే మిగులుతుంది.

నీచుకి సబ్బు ఎన్నిసార్లు రుద్దినా లాభం లేదు, పులుపు తగిలితే విరుగుతుంది. నిమ్మచెక్కతో రుద్ది, రెండు నిమిషాలాగి కడుక్కో. పగుళ్లుంటే మాత్రం వద్దు, ప్రాణం పోతుంది మంటకి. ఒక్క మనవి, రొయ్యల చెరువులో దిగి కాళ్లు చేతులు కడుక్కోకు. బయటి నుంచి వైరస్ వస్తుందేమోనని రైతు ప్రాణాలరచేతిలో పెట్టుకుని ఉంటాడు.

ప్రశ్న: నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. ఒక పాత ట్రావెలర్ వ్యాను కొని మంచాలు బిగించాను. నేనూ నా భార్యా ద్రాక్షారామం, సామర్లకోట, భీమవరం, పాలకొల్లు తిరిగి, 2027 గోదావరి పుష్కరాలకి కూడా అందులోనే వెళ్లాలని. పైకప్పు మీద 200 లీటర్ల ట్యాంకు, లోపల గీజరు పెట్టిస్తానంటున్నాడు మెకానిక్కు. మీ సలహా?

జవాబు: మాస్టారూ, వద్దండి. 200 లీటర్లంటే 200 కిలోలు, అదీ నెత్తి మీద, అదీ కదిలే నీళ్లు. కాలువగట్టు రోడ్డు మీద ఎదురుగా బస్సొచ్చి మీరు పక్కకి దించారంటే బండి ఒరుగుతుంది. మంచం కింద 40, 50 లీటర్లు పెట్టించుకోండి, అంతకంటే అక్కర్లేదు. ఇది ఎడారి కాదు, ఐదారు కిలోమీటర్లకో ఊరు.

గీజరు లెక్క మీరే చూసుకోండి. 12 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఉండేది 1200 వాట్ అవర్లు. 2000 వాట్ల గీజరు దాన్ని అరగంటలో పిండేస్తుంది, బ్యాటరీ కూడా పాడవుతుంది. అంతకంటే సులువుది ఉంది. ఒక లీటరు నీళ్లు తెర్లే దాకా కాచి, 25 డిగ్రీల చన్నీళ్లు నాలుగు లీటర్లలో కలిపితే ఐదు లీటర్లు సుమారు 40 డిగ్రీలకొస్తాయి. సరిగ్గా స్నానపు వేడి. ముందు చన్నీళ్లు పోసి, తరవాత వేడివి కలపండి. స్టవ్ మాత్రం బండి బయటే వెలిగించండి. తలుపులు మూసి లోపల గ్యాసు వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది, దానికి వాసన కూడా ఉండదు. చలికాలమైనా సరే, ఇందులో మినహాయింపు లేదు.

మీ వయసులో నాకు ఎక్కువ భయం జారిపడటం గురించి. టబ్బు అడుగున రబ్బరు చాప, కూర్చోవడానికి ప్లాస్టిక్ స్టూలు, పట్టుకోవడానికి తలుపుకి ఒక కడ్డీ వేయించండి. మెకానిక్కు ఉత్సాహం అటు మళ్లించండి.

పుష్కరాలప్పుడు మీ వ్యానుని ఘాటు దాకా రానిస్తారనుకోకండి, దూరంగా ఆపిస్తారు. నదిలో మూడు మునకలు వేసి, తడిబట్టలతో అంతదూరం నడిస్తే ఒరుసుకుపోతాయి. సంచిలో పొడిబట్టలు పెట్టుకుని, బట్టలు మార్చుకునే గదులున్న ఘాటులోనే దిగండి. వ్యానుకొచ్చాక మంచినీళ్లతో ఒకసారి ఒళ్లు కడుక్కోండి. పుణ్యం పోదులెండి.

ప్రశ్న: మా తాతలందరూ కాలువలోనే స్నానం చేశారు. వ్యానువాళ్లు కాలువ గట్టున ఆపుకుని దిగితే సరిపోతుంది కదా, ఇంత హంగామా ఎందుకు?

జవాబు: మీ తాతగారి రోజుల్లో ఎగువ ఊళ్ల మరుగుదొడ్ల పైపులు కాలువలోకి లేవండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ కాలువలే మనకి అన్నం పెట్టాయి, కాదనను. ఇప్పుడు అందులో ఏమేం కలుస్తున్నాయో గట్టు మీద నడిచినవాళ్లందరికీ తెలుసు. నీళ్లు నిండుగా పారేటప్పుడు, ఊరికి ఎగువన, తెలిసిన రేవులో, ఈత వచ్చినవాళ్లు మునిగితే మునగండి. నీళ్లు మింగొద్దు, ఒంటి మీద పుండు ఉంటే దిగొద్దు. దాళ్వా, అదే రెండో పంట, కోతలయ్యాక వేసవిలో కాలువలు కట్టేస్తారు కదా, అప్పుడు గుంటల్లో నిలిచిన పచ్చనీళ్ల జోలికి అసలు వెళ్లొద్దు. పటిక తిప్పితే తేటపడతాయని కొందరంటారు. బురద దిగుతుంది నిజమే, క్రిములు చావవు.

ప్రశ్న: మాది ఆచంట వైపు ఊరు. వ్యాపారానికొచ్చే బండ్లవాళ్లు మా రేవులో స్నానాలు చేసి షాంపూ ప్యాకెట్లు, బ్లేడ్లు వదిలేసి పోతున్నారు. మంచినీళ్ల చెరువులో కూడా దిగుతున్నారు. మీరు వాళ్ల పక్షమే మాట్లాడతారా?

జవాబు: మాట్లాడను. మంచినీళ్ల చెరువులో దిగినవాణ్ణి ఊళ్లోకి రానివ్వకపోయినా తప్పులేదు, ఎండాకాలం ఊరంతా తాగేది ఆ నీళ్లే. వ్యానువాళ్లందరికీ చెప్తున్నాను: సబ్బునీళ్లు టబ్బులో పట్టి, కాలువకీ చెరువుకీ చేపల గుంటకీ దూరంగా మట్టినేల మీద పారబోయండి. ఐదు లీటర్లు నేల ఇట్టే పీల్చేస్తుంది. బ్లేడు పాత మాత్రల డబ్బాలో వేసుకోండి. ప్యాకెట్లు మీ సంచిలోకే.

మీ ఊరివాళ్లు కూడా ఒక పని చేయొచ్చు. సంతబజారు చివర ఒక కొళాయి, నాలుగు రేకులతో ఒక మరుగు కట్టించి, బండికి పది రూపాయలు తీసుకోండి. వాళ్లు ఆనందంగా ఇస్తారు. నేనైతే ఇరవై ఇచ్చేదాన్ని.